ఫలం లేని దెబ్బ: ‘కోబ్రా కాయ్’ ధారావాహిక కథాగమనం – రసదోష పరిశీలన

వ్యాససంగ్రహం

1984లో వచ్చిన ‘ది కరాటే కిడ్’ చలనచిత్రానికి కొనసాగింపుగా 2018లో మొదలై 2025లో ముగిసిన అమెరికన్ ధారావాహిక ‘కోబ్రా కాయ్’. ఆరు సీజన్లు, 65 ఎపిసోడ్లుగా సాగిన ఈ రచన తొలి దశలో సంపాదించుకున్న గాఢతను తర్వాతి దశలో నిలుపుకోలేకపోయింది. దీనికి నిడివి, అతిశయోక్తి కారణాలని సాధారణంగా అనుకుంటారు. అసలు కారణం వేరని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. యుద్ధకళను ఆధారం చేసుకున్న కథలో ప్రతి దెబ్బకూ ఒక ఫలం ఉండాలి. ఆ ఫలం శరీరంలోనో, మనసులోనో, మానవసంబంధాల్లోనో నిలవాలి. దెబ్బకూ ఫలానికీ మధ్య ఉన్న ఈ సంబంధం తెగినప్పుడే ధారావాహిక దారి తప్పింది. మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో చెప్పిన రసదోషాల్లో మూడింటిని ప్రమాణంగా తీసుకుని ఈ విషయాన్ని పరిశీలించడం వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: కోబ్రా కాయ్, యుద్ధకళల కథనం, ధారావాహిక, రసదోషాలు, పునఃపునర్దీప్తి, అంగాతివిస్తృతి, అంగి విస్మరణ.

1. ప్రవేశిక

ప్రతినాయకుని వైపు నుంచి పాత కథను మళ్లీ చెప్పడం తెలుగువారికి కొత్త కాదు. సుయోధనుని అభిమానాన్ని, కర్ణునితో అతని స్నేహాన్ని ముందుకు తెచ్చిన ‘దానవీరశూరకర్ణ’ (1977) చిత్రాన్ని ప్రేక్షకులు ఎంతగా ఆదరించారో తెలిసిందే. ఓడిపోయినవాడికీ ఒక కథ ఉంటుందని, గెలిచినవాడి కథ విన్నంత మాత్రాన అది వినపడదని ఇటువంటి రచనలు గుర్తుచేస్తాయి. జోష్ హీల్డ్, జాన్ హర్విట్జ్, హేడెన్ ష్లాస్‌బర్గ్ రూపొందించిన ‘కోబ్రా కాయ్’ కూడా ఈ ఆలోచనతోనే మొదలైంది.

‘ది కరాటే కిడ్’ చిత్రం చివర డేనియల్ లారూసో తన్నిన తన్నుకు జానీ లారెన్స్ కింద పడిపోతాడు. ప్రేక్షకులు డేనియల్ విజయాన్ని గుర్తుంచుకున్నారు, జానీని మరచిపోయారు. 34 ఏళ్ల తర్వాత ఆ జానీ ఎలా ఉన్నాడన్న ప్రశ్నతో 2018 మే 2న యూట్యూబ్ రెడ్‌లో ఈ ధారావాహిక ప్రారంభమైంది. రెండు సీజన్ల తర్వాత నెట్‌ఫ్లిక్స్‌కు మారింది. 2021లో ఉత్తమ హాస్య ధారావాహిక విభాగంలో ఎమ్మీ పురస్కారానికి నామినేషన్ కూడా పొందింది. ఆరవ సీజన్ మూడు విడతలుగా వచ్చి 2025 ఫిబ్రవరి 13న ముగిసింది.

ఆదరణ పెరుగుతున్న కాలంలోనే కథలో పట్టు సడలడం ఇక్కడ గమనించవలసిన విషయం. ఈ సడలింపు స్వరూపాన్ని నిర్ధారించడానికి భారతీయ అలంకారశాస్త్రం ఉపకరిస్తుంది. ప్రబంధం మొత్తంలో ఒక ప్రధానరసం ఉండాలని, మిగిలినవన్నీ దానికి అంగాలుగా ఒదగాలని ఆనందవర్ధనుడు నిర్దేశించాడు. ఆ ఒదుగుదల చెడే తీరులను మమ్మటుడు ‘కావ్యప్రకాశం’ సప్తమోల్లాసంలో దోషాలుగా వర్గీకరించాడు. నాటకాలను, మహాకావ్యాలను దృష్టిలో పెట్టుకుని చేసిన వర్గీకరణే అయినా, ఏళ్ల తరబడి విడతలుగా సాగే దృశ్యకథనానికి అది చక్కగా వర్తిస్తుంది. దీర్ఘరచనల్లో ఏకాగ్రత ఎలా చెదురుతుందన్నదే రెండుచోట్లా ప్రశ్న.

2. మూలచిత్రంలో దెబ్బకున్న విలువ

జాన్ జి. అవిల్డ్‌సన్ దర్శకత్వంలో వచ్చిన మూలచిత్రానికి రచయిత రాబర్ట్ మార్క్ కామెన్. ఆయన స్వయంగా ఒకినావా ద్వీపానికి చెందిన గోజు-ర్యూ కరాటే అభ్యసించినవాడు. చిత్రంలోని గురువుకు మియాగి అన్న పేరు ఆ శైలికి మూలపురుషుడైన మియాగి చోజున్ నుంచి వచ్చింది. ఈ నేపథ్యం వల్ల చిత్రంలో కరాటే అలంకారంగా మిగలలేదు, కథకు ఆధారమైంది.

న్యూజెర్సీలోని న్యూఆర్క్ నుంచి తల్లితోపాటు లాస్ ఏంజలస్‌లోని రెసీడా ప్రాంతానికి వచ్చిన పేద కుర్రాడు డేనియల్. అతడిని వేధించే జానీ సంపన్నుల ఎన్సీనో ప్రాంతానికి చెందినవాడు. చిత్రంలో పోరాటఘట్టాలు చాలా తక్కువ. సముద్రతీరంలో దెబ్బలు తిన్న మర్నాడు డేనియల్ తన కమిలిన కంటిని తల్లికి కనపడకుండా నల్లకళ్లద్దాలతో దాచుకుంటాడు. టోర్నమెంటులో మోకాలికి తగిలిన అక్రమమైన దెబ్బ అతని ఆఖరి పోరాటాన్ని నిర్ణయిస్తుంది. కాలు నేలమీద మోపలేనివాడు ఒంటికాలిపై నిలబడి తన్నడమే ఆ ఘట్టంలోని ఉద్వేగానికి మూలం. దెబ్బ తగిలితే నొప్పి ఉంటుందన్న నమ్మకాన్ని చిత్రం చివరిదాకా వదలలేదు.

గురువు పాత్రలోనూ ఇదే నియమం కనిపిస్తుంది. రెండవ ప్రపంచయుద్ధంలో మియాగి అమెరికా సైన్యంలోని 442వ దళంలో పోరాడుతుండగా, మాంజనార్ నిర్బంధ శిబిరంలో అతని భార్య ప్రసవసమయంలో బిడ్డతో సహా మరణించింది. చిత్రం ఈ విషయాన్ని ఒక్క సన్నివేశంలో, మద్యం మత్తులో ఉన్న వృద్ధుని మాటల ద్వారా తెలియజేసి ఊరుకుంటుంది. ఆ తర్వాత మియాగి నోట వచ్చే ప్రతి శాంతివచనానికీ వెనుక ఆ దుఃఖం ఉందని ప్రేక్షకునికి అర్థమవుతుంది. పాట్ మొరీటా ఈ పాత్రకు ఉత్తమ సహాయనటుడిగా ఆస్కార్ నామినేషన్ పొందడంలో ఈ సన్నివేశం పాత్ర తక్కువ కాదు. పోరాడకుండా ఉండటమే ఉత్తమమన్న బోధ యుద్ధంలో సర్వం కోల్పోయినవాడు చెప్పినందువల్లనే బలపడింది.

3. తొలి రెండు సీజన్లు: అంగిరసం నిలిచిన దశ

ధారావాహిక మొదట్లో ఈ పునాదిని సరిగ్గా గుర్తించింది. 1984 నాటి సామాజికస్థితి తలకిందులైంది. డేనియల్ ఎన్సీనోలో పెద్ద ఇంట్లో ఉంటూ కార్ల వ్యాపారం చేస్తున్నాడు. కొన్న ప్రతివారికీ ఒక బోన్సాయ్ మొక్క బహుమతిగా ఇస్తాడు. గురువు నేర్పిన ప్రశాంతత వ్యాపారచిహ్నంగా మారిందన్న వ్యంగ్యం ఈ వివరంలో ఉంది. జానీ రెసీడాలో చిన్న అపార్ట్‌మెంటులో ఉంటూ కూలిపనులు చేసుకుంటూ, తాగుతూ, కన్నకొడుకు రాబీకి దూరమై బతుకుతున్నాడు. ఊరంతా డేనియల్ ముఖమే ప్రకటనల బోర్డుల మీద నవ్వుతూ కనిపిస్తుంది.

పక్కింటి కుర్రాడు మిగెల్ డియాజ్‌ను కొందరు కొడుతుండగా జానీ కాపాడటంతో కథ కదులుతుంది. మిగెల్ కోసం జానీ మూతపడిన కోబ్రా కాయ్ డోజోను తెరుస్తాడు. అయితే నేర్పడానికి అతని దగ్గరున్నది తన గురువు జాన్ క్రీస్ నూరిపోసిన బోధ మాత్రమే. ముందుగా కొట్టడం, గట్టిగా కొట్టడం, దయ చూపకపోవడం అన్న మూడు సూత్రాలే అతని విద్య. వేధింపులకు గురవుతున్న పిల్లలకు ఈ విద్య ధైర్యాన్నిచ్చింది. అదే విద్య వారిలో కొందరిని వేధించేవారిగా మార్చింది. పెదవిపై మచ్చ కారణంగా తోటివారి వెక్కిరింపులకు గురైన ఎలై, ‘హాక్’గా మారి అందరినీ భయపెట్టే స్థితికి చేరడం ఇందుకు ఉదాహరణ. మేలూ కీడూ ఒకే మూలం నుంచి పుట్టడాన్ని తొలి సీజన్ సాహసంతో చూపింది.

డేనియల్ విషయంలోనూ రచయితలు పక్షపాతం చూపలేదు. జానీ డోజోను మూయించాలన్న పంతంతో అతడు ఆ వాణిజ్యసముదాయంలో అద్దె పెరిగేలా చేస్తాడు. ఆ భారం అక్కడి మిగతా చిన్న దుకాణదారుల మీద కూడా పడుతుంది. మంచివాడిగా ప్రేక్షకులు ముప్పై ఏళ్లుగా నమ్మిన వ్యక్తి డబ్బుతో కొట్టిన దెబ్బ ఇది. దీనికి కూడా ఫలం ఉందని కథ గుర్తుంచుకుంది.

మొదటి సీజన్ చివరి పోటీలో రాబీకి అప్పటికే గాయమైన భుజాన్ని లక్ష్యంగా చేసుకుని మిగెల్ గెలుస్తాడు. శిష్యుడు గెలిచాడు, ఎదుట ఓడినవాడు సొంత కొడుకు. దయ చూపవద్దని తానే నేర్పిన పాఠం తన బిడ్డ మీదనే ప్రయోగమైంది. ఆ విజయం జానీకి ఓటమిగా పరిణమించడం తొలి సీజన్ సాధించిన గొప్ప ఫలితం. రెండవ సీజన్ చివర పాఠశాలలో జరిగిన పోరాటంలో ఇది తిరగబడుతుంది. మారిన జానీ మాటను గుర్తుచేసుకుని మిగెల్ ఈసారి రాబీని వదిలిపెడతాడు. ఆ క్షణంలో రాబీ తన్నిన తన్నుకు పైఅంతస్తు నుంచి పడి వెన్నెముక దెబ్బతింటుంది. దయ చూపమని చెప్పినందుకూ జానీ మూల్యం చెల్లించవలసి వచ్చింది.

ఇక్కడివరకు కథకు అంగిరసం స్పష్టం. పాత ఓటమిని మోస్తూ, దాన్ని తెలియకుండానే తర్వాతి తరానికి అప్పగిస్తున్న నడివయసు మనుషుల శోకం అది. హాస్యం, వీరం, శృంగారం దానికి అంగాలుగా ఉన్నాయి. రెండవ సీజన్‌లో మరణానికి దగ్గరైన పాత మిత్రుడు టామీని జానీ, ఇతర స్నేహితులు ఒక రోజు బయటకు తీసుకువెళ్లే ఎపిసోడ్ ఈ శోకానికి పరాకాష్ఠ. 1984లో పొగరుగా కేకలు వేసిన కుర్రాళ్లు అక్కడ కాలం చేతిలో ఓడిన మనుషులుగా కనిపిస్తారు.

4. పునఃపునర్దీప్తి: పరిపాకం చెందినదాన్ని మళ్లీ మళ్లీ రగిలించడం

ఒక రసం పరిపుష్టి పొందిన తర్వాత దానినే పదేపదే ఉద్దీపింపజేయడం దోషమని మమ్మటుడు చెప్పి, ‘కుమారసంభవం’లోని రతివిలాపాన్ని ఉదాహరించాడు. నలిగిన పువ్వును మళ్లీ మళ్లీ నలిపితే పరిమళం రాదు. మూడవ సీజన్ నుంచి ‘కోబ్రా కాయ్’లో కనిపించే ప్రధానలోపం ఇదే.

వెన్నెముక గాయంతో మంచాన పడిన మిగెల్ పది ఎపిసోడ్ల వ్యవధిలో లేచి నడవడమే కాక, సీజన్ చివర సమాంథా ఇంట్లో జరిగే పెద్ద పోరాటంలో పాల్గొంటాడు. జానీ అతడిని నడిపించడానికి చేసే ప్రయత్నాల్లో హాస్యం, ఆప్యాయత ఉన్నాయి. కానీ రెండవ సీజన్ ముగింపు ప్రేక్షకుని గుండెలో మిగిల్చిన భయం ఈ వేగంతో కరిగిపోయింది. అంత పెద్ద గాయానికే శాశ్వతఫలం లేనప్పుడు చిన్న దెబ్బలకు విలువ ఎక్కడిది? ఆ తర్వాత ప్రేక్షకుడు ఏ పోరాటాన్నీ భయంతో చూడడు, విన్యాసంగా మాత్రమే చూస్తాడు.

పాఠశాల పోరాటం ఒకప్పుడు ధారావాహిక నడకనే మార్చింది. అటువంటి మూకపోరాటం తర్వాత పలు సీజన్లలో తంతుగా మారింది. ఇంట్లో చొరబడి కొట్టుకున్నా, డోజోలో కొట్టుకున్నా, అంతర్జాతీయ వేదికపై కొట్టుకున్నా దాని నిర్మాణం ఒకటే.

పక్షాలు మారడం మరొక ఉదాహరణ. హాక్ తన పాత మిత్రుడు డిమిట్రీ చెయ్యి విరిచి, అదే సీజన్ చివర పక్షం మారి మళ్లీ మిత్రుడవుతాడు. రాబీ డేనియల్ దగ్గర నుంచి క్రీస్ దగ్గరకు, అక్కడ నుంచి తండ్రి దగ్గరకు చేరుతాడు. టోరీ కోబ్రా కాయ్‌ను వదిలి మళ్లీ అక్కడికే చేరుతుంది. వేధింపులకు గురై కోబ్రా కాయ్‌లో చేరిన కెన్నీ కథ హాక్ కథకు నకలు. పశ్చాత్తాపం మొదటిసారి పాత్రలో వచ్చిన మార్పు, మూడవసారి కథకు కావలసిన మలుపు మాత్రమే. క్షమకు ముందు గాయం మిగిలి ఉండాలి. గాయమే లేనప్పుడు క్షమించడంలో త్యాగం లేదు.

5. అంగాతివిస్తృతి: చిన్న ఊరి పగ ప్రపంచయుద్ధం కావడం

అంగమైన విషయం అంగిని మించి పెరగడం మమ్మటుడు చెప్పిన మరో దోషం. ‘హయగ్రీవవధ’లో నాయకుని కంటే ప్రతినాయకుడైన హయగ్రీవుని వర్ణన మితిమీరడాన్ని ఆయన ఇందుకు ఉదాహరణగా చూపాడు. ‘కోబ్రా కాయ్’లో హయగ్రీవుని స్థానం టెర్రీ సిల్వర్‌ది.

ఈ సందర్భంలో ఒక పోలికను గుర్తించాలి. మూలచిత్రాల వరుసలో మొదటిది లాస్ ఏంజలస్ శివారు కథ. రెండవది (1986) ఒకినావాకు వెళ్లింది. మూడవది (1989) ఒక కుర్రాడిపై పగ తీర్చుకోవడానికి తన సంపదను, కాలాన్ని వెచ్చించే ధనవంతుడు సిల్వర్‌ను ప్రవేశపెట్టింది. ధారావాహిక కూడా ఇదే క్రమంలో నడిచింది. తొలి రెండు సీజన్లు శివారు కథ. మూడవ సీజన్‌లో డేనియల్ ఒకినావా వెళ్లి కుమికోను, పాత శత్రువు చోజెన్‌ను కలుస్తాడు. నాలుగు, ఐదు సీజన్లు సిల్వర్‌వి. పాత చిత్రాల్లోని మంచిని తిరిగి పరిశీలించినట్లే వాటి పతనాన్ని కూడా పరిశీలించే అవకాశం రచయితలకు లభించింది. వారు దాన్ని పరిశీలించడానికి బదులు అనుసరించారు.

ఒకినావా ఘట్టం వరకు ఈ అనుసరణ ఫలించింది. యువకుడిగా డేనియల్‌ను చంపబోయిన చోజెన్, సిగ్గుతో బతికిన మనిషిగా ఎదురుపడటం జానీ కథకు ప్రతిబింబం. సిల్వర్ రాకతో ఈ సమతుల్యం పోయింది. నాలుగవ సీజన్‌లో అతడు న్యాయనిర్ణేతకు లంచమిచ్చి టోర్నమెంటు గెలిపిస్తాడు, క్రీస్‌ను చేయని నేరంలో ఇరికిస్తాడు. ఐదవ సీజన్‌లో లోయ అంతటా శాఖలు తెరుస్తాడు. పిల్లలకు హింసను నేర్పే చదువు ఎక్కడి నుంచి వస్తుందన్న మొదటి ప్రశ్నకు జవాబు మనుషుల గాయాల్లో ఉండేది. ఇప్పుడు దానికి జవాబు ఒక దుర్మార్గుడి కుట్ర. అతడిని పోలీసులకు పట్టిస్తే సమస్య తీరిపోతుంది. నైతికప్రశ్న నేరపరిశోధన స్థాయికి దిగింది.

ఆరవ సీజన్‌లో కథ బార్సిలోనాలో జరిగే ‘సెకాయ్ తైకాయ్’ అన్న కల్పిత ప్రపంచపోటీకి చేరింది. కొత్త జట్లు, కొత్త గురువులు, కొత్త ప్రత్యర్థులు వచ్చారు. వారి గతం తెలుసుకునే వ్యవధి లేదు. ఈ విడత చివర జరిగిన మూకపోరాటంలో క్వోన్ అనే యువకుడు క్రీస్ తెచ్చిన కత్తి గుచ్చుకుని మరణిస్తాడు. ఆరు సీజన్ల హింసలో పోటీదారు ప్రాణం పోవడం ఇదే. ధారావాహిక మొత్తాన్ని ప్రశ్నించగల ఘటన ఇది. పిల్లల చేత పోరాడించిన ప్రతి గురువూ తనను తాను ప్రశ్నించుకోవలసిన చోటు. క్రీస్‌లో పశ్చాత్తాపం కలగడం వరకు కథ దీన్ని ఉపయోగించుకుంది. రద్దయిన పోటీ మాత్రం స్వల్పవ్యవధిలోనే లాస్ ఏంజలస్ లోయలో మళ్లీ మొదలైంది. చనిపోయిన కుర్రాడి కంటే మిగిలిన మ్యాచ్‌లు ముఖ్యమయ్యాయి. దెబ్బకు ఫలం లేకుండా పోవడం ఇక్కడ పరాకాష్ఠకు చేరింది.

6. అంగి విస్మరణ: వర్గం, శ్రమ, మియాగి

ప్రధానమైనదాన్ని మరచిపోవడం మూడవ దోషం. ‘రత్నావళి’ నాలుగవ అంకంలో బాభ్రవ్యుని రాకతో సాగరిక విస్మృతి పాలైన తీరును మమ్మటుడు ప్రస్తావించాడు. ‘కోబ్రా కాయ్’లో మరుగున పడినవి రెండు.

మొదటిది వర్గస్పృహ. రెసీడా, ఎన్సీనో పేర్లు తొలి సీజన్‌లో రెండు జీవనస్థితులకు సంకేతాలు. అద్దె కట్టడం, ఉద్యోగం పోవడం, డోజోకు పిల్లలు రాకపోవడం కథను నడిపిన కారణాలు. తర్వాతి సీజన్లలో డేనియల్ వ్యాపారం నేపథ్యంలోకి జరిగిపోయింది. జానీ పేదరికం హాస్యానికి పనికివచ్చే లక్షణంగా మిగిలింది. అనారోగ్యంతో ఉన్న తల్లిని పోషిస్తూ, ఉద్యోగం చేస్తూ, పోటీలకు సిద్ధమయ్యే టోరీ ఒక్కతే ఈ స్పృహను కొంతవరకు నిలిపింది. ఆరవ సీజన్‌లో ఆమె తల్లి మరణం కూడా ప్రధానంగా ఆమె జట్టు మారడానికి కారణంగానే ఉపయోగపడింది. దేహం చూసి వెక్కిరించినవారిని ఎదిరించి నిలిచిన ఐషా పాత్ర రెండవ సీజన్ తర్వాత దాదాపు అదృశ్యం కావడం కూడా ఇక్కడ గమనార్హం. కోబ్రా కాయ్ వల్ల మేలు పొంది, క్రూరత్వానికి పూర్తిగా లొంగని అరుదైన పాత్ర ఆమెది.

రెండవది మియాగి. 2005లో పాట్ మొరీటా మరణించారు. తొలి సీజన్లలో మియాగి లేకపోవడమే ఒక ఉనికిగా కథలో నిలిచింది. సమాధి దగ్గర డేనియల్ మౌనం, పాత ఇంటి పెరడు, కంచె చాలు, ఆయన కనిపించేవాడు. ఆరవ సీజన్‌లో మియాగి దాచిన పెట్టె ఒకటి బయటపడుతుంది. వేరే పేరుతో ఉన్న పాస్‌పోర్టు, ఒక నేరాన్ని సూచించే కాగితం, పోటీల తలకట్టు అందులో ఉన్నాయి. గురువు తాను అనుకున్న మనిషి కాదేమోనన్న సందేహం డేనియల్‌కు కలగడం మంచి ఆలోచనే. మూలచిత్రం ఒక్క సన్నివేశంలో చూపిన గతాన్ని ధారావాహిక రహస్యంగా మార్చి సీజన్ పొడవునా ఎరగా వాడింది. చివరకు కంప్యూటర్ సాయంతో మియాగి రూపాన్నే కలలోకి తెచ్చింది. లేని మనిషిని తెరమీద చూపడంతో లేమి కలిగించిన బాధ తగ్గిపోయింది. వ్యంగ్యంగా ఉన్నంతసేపు బలంగా ఉన్న భావం వాచ్యం కాగానే బలహీనపడుతుందన్న ధ్వనివాదుల మాటకు ఇది ఉదాహరణ.

శ్రమ గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కారు తుడవడం, నేల చదును చేయడం, కంచెకు రంగు వేయడం ద్వారా చెయ్యి తెలియకుండానే విద్య నేర్చుకోవడం మూలచిత్రం ఇచ్చిన అందమైన భావన. విద్య రోజువారీ పనిలోనే ఉందన్న మాట అది. తర్వాతి సీజన్లలో శిక్షణ కొన్ని నిమిషాల సంగీతఖండికగా కుదించుకుపోయింది. కష్టం కనపడని చోట నైపుణ్యం వరంలా తోస్తుంది. వరంగా వచ్చిన నైపుణ్యంతో గెలిస్తే ఆ గెలుపులో చూసేవారికి పాలు ఉండదు.

7. ప్రతివాదాల పరిశీలన

ఈ విమర్శకు రెండు సమాధానాలు రావచ్చు. ధారావాహిక తన అతిశయోక్తిని తానే ఎగతాళి చేసుకుందని, దాన్ని వాస్తవికతతో కొలవరాదని మొదటిది. నిజమే, ఒక కరాటే పోటీ ఊరి భవిష్యత్తును నిర్ణయించడం హాస్యాస్పదమని పాత్రలే అంటాయి. డేనియల్ భార్య అమాండా తొలినుంచీ ఈ పంతాలను సామాన్యుల దృష్టితో చూసి ప్రశ్నిస్తుంది. అయితే అతిశయోక్తి వేరు, ఫలరాహిత్యం వేరు. పురాణాల్లో, యక్షగానాల్లో ఎంతటి అతిశయోక్తి ఉన్నా కీచకుని తన్నుకు ద్రౌపది పడిన అవమానం కీచకవధ దాకా చల్లారదు. లోకవిరుద్ధమైన ఘటనను ప్రేక్షకుడు అంగీకరిస్తాడు. ఆ ఘటన పాత్రల మీద ముద్ర వేయకపోవడాన్ని అంగీకరించడు. రచన తన లోపాన్ని తానే నవ్వులాటగా ప్రస్తావించినంతలో ఆ లోపం గుణమైపోదు.

ధారావాహిక స్వభావమే సాగదీతను కోరుతుందన్నది రెండవ వాదన. ప్రతి సీజన్‌కూ కొత్త ప్రమాదం కావాలి, అది మునుపటిదానికంటే పెద్దది కావాలి. ఈ ఒత్తిడి వాస్తవమే. కానీ పెరుగుదల వెడల్పుగానే ఉండనక్కరలేదు, లోతుగా కూడా ఉండవచ్చు. టామీ ఎపిసోడ్‌లో శత్రువు లేడు, పోటీ లేదు, అయినా అది ధారావాహికలోని ఉత్తమఘట్టాల్లో ఒకటి. జానీ, రాబీ, మిగెల్ ఒకే కుటుంబమవుతున్న క్రమం ఐదవ సీజన్‌లో మరింత విస్తరించదగిన వస్తువు. కన్నకొడుక్కి ఇవ్వని ప్రేమను పక్కింటి కుర్రాడికి ఇచ్చిన తండ్రి కథ అది. రాబీ, మిగెల్‌ల వైరాన్ని జానీ వారిద్దరి చేత పోరాడించి ఒక పూటలో తీర్చేశాడు. రెండు సీజన్లు నిలబెట్టగల సంఘర్షణ ఒక ఎపిసోడ్‌కు చాలింది, ఒక ఎపిసోడ్‌కు సరిపడే సిల్వర్ కుట్ర మూడు సీజన్లు సాగింది. లోపం నిడివిలో లేదు, ఆ నిడివిని దేనికి కేటాయించారన్నదానిలో ఉంది.

8. ముగింపు ఎపిసోడ్: తప్పిన దారి కనిపించిన చోటు

ఈ పరిశీలనను బలపరిచే సాక్ష్యం ధారావాహిక చివరి ఘట్టాల్లోనే ఉంది. ప్రపంచపోటీ ఫలితం చివరకు ఇద్దరు గురువుల మధ్య పోరాటానికి వస్తుంది. 1984లో అదే లోయలో ఓడిపోయిన జానీ, యాభై ఏళ్లు దాటిన దేహంతో బరిలోకి దిగుతాడు. ఎదురుగా ఉన్న సెన్సే వుల్ఫ్ బలవంతుడు. జానీ వెనుక నిలబడి ధైర్యం చెప్పేవాడు డేనియల్. నాటి ప్రత్యర్థి నేడు సహాయకుడయ్యాడు.

క్రీస్, సిల్వర్‌ల పగ పడవ పేలుడుతో ముగిసిన తర్వాత వచ్చే ఈ పోరాటంలో కుట్ర లేదు, మూక లేదు. జానీకి నొప్పి తెలుస్తుంది, వయసు తెలుస్తుంది, భయం తెలుస్తుంది. అతడు గెలిచినప్పుడు కలిగే తృప్తి ప్రపంచపోటీ గెలిచినందుకు కాదు. నాలుగు దశాబ్దాలుగా మోస్తున్న ఒక తన్ను బరువు దిగినందుకు. మొదటి ఎపిసోడ్‌లో మొదలైన అంగిరసం ఇక్కడే ఉపశమించింది. నాట్యశాస్త్రపరిభాషలో చెప్పాలంటే ఆరంభానికి తగిన ఫలాగమం ఇదే.

ఈ ముగింపు విజయం మధ్య సీజన్ల లోపాన్ని కప్పిపుచ్చదు, మరింత స్పష్టం చేస్తుంది. ఈ ముగింపుకు చేరడానికి అవసరమైనవి జానీ, డేనియల్, ఇద్దరు కొడుకులు, క్రీస్ నేర్పిన విద్య మాత్రమే. బార్సిలోనా గానీ, సిల్వర్ సామ్రాజ్యం గానీ, మియాగి పెట్టె గానీ లేకున్నా ఈ పోరాటం ఇంతే బలంగా ఉండేది. క్రీస్ చివరగా జానీకి క్షమాపణ చెప్పే సన్నివేశం కూడా ఇటువంటిదే. శిష్యుని బాల్యాన్ని పాడుచేసిన గురువు దాన్ని ఒప్పుకోవడానికి ప్రపంచపోటీ అక్కరలేదు, ఎదురెదురుగా ఇద్దరు మనుషులు చాలు.

9. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు:

1. తొలి రెండు సీజన్ల గాఢతకు కారణం ప్రతి దెబ్బకూ ఫలం ఉండటం. మిగెల్ విజయం జానీకి ఓటమి కావడం, మిగెల్ దయ అతనికే గాయం కావడం దీనికి నిదర్శనాలు.

2. మూడవ సీజన్ నుంచి గాయాలు త్వరగా మానడం, పక్షాలు పదేపదే మారడం వల్ల పునఃపునర్దీప్తి దోషం ఏర్పడింది. సిల్వర్ కథ, ప్రపంచపోటీ అంగాతివిస్తృతికి దారితీశాయి. వర్గస్పృహ, శ్రమ, మియాగి లేమి మరుగున పడటం అంగి విస్మరణ.

3. మూలచిత్రాలు నడిచిన క్రమాన్నే ధారావాహిక అనుసరించి, వాటి మూడవ చిత్రంలోని బలహీనతను కూడా వారసత్వంగా పొందింది.

4. కథ మళ్లీ ఒక మనిషి దేహానికి, ఒక పాత ఓటమికి పరిమితమైనప్పుడు రసం తిరిగి నిలిచింది.

యుద్ధకళల కథనంలో ఉత్కంఠ పోరాటం ఎంత పెద్దదన్నదానిపై ఆధారపడదు. ఆ పోరాటం ముగిసిన మర్నాడు దెబ్బ తిన్నవాడు ఎలా లేచాడన్నదానిపై ఆధారపడుతుంది. జానీ లారెన్స్ లేవడానికి 34 ఏళ్లు పట్టిందని చెప్పడంతో మొదలైన రచన, తన మిగతా పాత్రలను మర్నాటికే లేపేసింది. దీర్ఘధారావాహికలను అధ్యయనం చేసేవారికి, రాసేవారికి ‘కోబ్రా కాయ్’ ఇచ్చే పాఠం ఇదే.